ఎయిర్ ఎంత తీసినా బ్రేక్ పెడల్ మెత్తగానే ఉంటే మాస్టర్ సిలిండర్ మార్చాలా?

ముందు చక్రాల క్యాలిపర్లు (బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కిపట్టే భాగాలు) మార్చినప్పటి నుంచి బ్రేక్ పెడల్ మెత్తగా దిగిపోతోందని, రెండుసార్లు ఎయిర్ తీయించినా గట్టిపడలేదని, ఇప్పుడు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కినప్పుడు బ్రేక్ ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే భాగం) మార్చాలని మెకానిక్ చెబుతున్నారని రాశారు. ఇప్పుడే మార్పించకండి. అదే మాట నమ్మి నేను మాస్టర్ సిలిండర్ మార్పించాను, పెడల్ మాత్రం మారలేదు. ముందు చక్రం పక్కన కూర్చుని, క్యాలిపర్‌కు ఉన్న బ్లీడర్ నిపిల్ (ఎయిర్ బయటికి తీసే చిన్న మర) పై భాగంలో ఉందో, కింది భాగంలో ఉందో ఒక్కసారి చూడండి.

నా కారులో ముందు బ్రేకుల పిస్టన్లు తుప్పు పట్టి బిగుసుకుపోవడంతో రెండు వైపులా కొత్త క్యాలిపర్లు వేయించాను. బండి చేతికి వచ్చిన రోజే మొదటిసారి తొక్కగానే పెడల్ సగానికి పైగా దిగిపోయింది. వెంటనే రెండోసారి తొక్కితే పైనే నిలబడింది. ఒక నిమిషం ఆగి తొక్కితే మళ్ళీ కథ మొదటికి వచ్చింది. కొత్త సామాను కదా, నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుందని అన్నారు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. కొత్త ప్యాడ్లు డిస్కుకు ఒదిగేవరకు బ్రేకు పట్టు కాస్త తక్కువగా ఉండవచ్చు గానీ, క్యాలిపర్‌లో చిక్కుకున్న గాలి బండి తిరిగినంత మాత్రాన దారి వెతుక్కుని బయటికి పోదు.

తరువాత మూడుసార్లు ఎయిర్ తీశారు. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు నిపిల్ వదులు చేసి, ఆయిల్ చిమ్మాక బిగించి, అప్పుడు కాలు తీయమని చెప్పడం, ఇలా నాలుగు చక్రాలకూ పద్ధతి ప్రకారమే జరిగింది. నిపిల్‌కు తగిలించిన గొట్టంలో ఒక్క బుడగ కూడా కనిపించలేదు. బుడగలు రావడం లేదు కాబట్టి లైనులో గాలి లేదు, గాలి లేదు కాబట్టి లోపం మాస్టర్ సిలిండర్‌దే అన్న తర్కం వినడానికి ఎంత పక్కాగా ఉందో చూడండి. నేనూ తలూపాను. కొత్త సిలిండర్ వచ్చింది, పెడల్ మళ్ళీ అలాగే దిగింది.

ఆ సాయంత్రం చక్రం విప్పి, నేల మీద కూర్చుని, టార్చి వెలుతురులో క్యాలిపర్‌ను ఊరికే చూస్తూ ఉండగా నిపిల్ కింది అంచున కనిపించింది. అటువైపు వెళ్ళి చూస్తే అక్కడా అంతే. కుడి క్యాలిపర్ ఎడమకు, ఎడమది కుడికి బిగించారు. బోల్టులు చక్కగా పడతాయి, హోసులు అందుతాయి, ప్యాడ్లు కూర్చుంటాయి. తప్పు జరిగిందని ఏదీ అడ్డం తిరిగి చెప్పదు. కానీ గాలి పైకి తేలుతుంది, నిపిల్ కిందుంటే ఆయిల్ మాత్రమే బయటికి వస్తుంది, బుడగ పైభాగంలో హాయిగా కూర్చుంటుంది. అలాంటప్పుడు పది లీటర్లు పోసినా గొట్టంలో బుడగ కనిపించదు. మర్నాడు వాటిని అటూ ఇటూ మార్చి, హోసు బోల్టులకు కొత్త రాగి వాషర్లు వేసి, మళ్ళీ ఎయిర్ తీస్తే మొదటి రెండు తొక్కులకే గొట్టం నిండా బుడగలు వచ్చాయి. పెడల్ పైనే పట్టింది.

మీ నిపిళ్ళు పైనే ఉంటే, విడిభాగం కొనే ముందు కాలితోనే కొంత తెలుసుకోవచ్చు. ఇంజిన్ ఆపి, బూస్టర్‌లో (కాలి బలాన్ని పెంచే భాగంలో) మిగిలిన వాక్యూమ్ పోయేలా అయిదారుసార్లు తొక్కి, ఆపైన పెడల్‌ను ఒకే బలంతో నొక్కి పట్టుకోండి. బయట ఎక్కడా ఆయిల్ కారకుండానే అది నెమ్మదిగా నేల వైపు జారుతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్ళను అనుమానించవచ్చు. తొక్కిన కొద్దీ పైకి లేచి అక్కడే నిలబడితే గాలి ఉండవచ్చు, లేదా వెనుక డ్రమ్ముల్లో షూలకు సందు ఎక్కువై ఉండవచ్చు. హ్యాండ్ బ్రేక్ లాగి తొక్కినప్పుడు పెడల్ మెరుగుపడితే వెనుక సర్దుబాటే చూడాలి. పెడల్ మీద కాలు ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు అది కొద్దిగా కిందికి దిగడం బూస్టర్ సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు. దాన్నే జబ్బుగా భావించి బూస్టర్ మార్పించుకున్నవారు కూడా ఉన్నారు.

ఇంకా తేలకపోతే, రబ్బరు హోసులను నొక్కిపట్టడానికే చేసిన నున్నటి దవడల క్లాంపులతో అన్ని హోసులనూ మూయించండి (కటింగ్ ప్లయర్‌తో నొక్కితే హోసు చెడుతుంది). అప్పుడు పెడల్ రాయిలా గట్టిపడితే మాస్టర్ సిలిండర్ నిర్దోషి. ఒక్కొక్క క్లాంపూ తీస్తూ తొక్కండి. ఏది తీసినప్పుడు మెత్తదనం తిరిగి వస్తే లోపం ఆ చక్రం దగ్గరే ఉంది. అక్కడ గాలి ఉండవచ్చు, పాత హోసు ఒత్తిడికి ఉబ్బుతూ ఉండవచ్చు, స్లైడ్ పిన్నులు (క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే కడ్డీలు) పట్టేసి క్యాలిపర్ వంగుతూ ఉండవచ్చు.

పనిలో పనిగా ఆయిల్ గురించి కూడా చెప్పాలి. ట్యాంకులో మట్టం తగ్గిందని పైన కాస్త పోసి పంపించే అలవాటు నాకు అసలు నచ్చదు. ప్యాడ్లు అరిగినా మట్టం తగ్గుతుంది, ఎక్కడో కారినా తగ్గుతుంది, పోసేస్తే ఆ రెండింటినీ కప్పిపెట్టినట్టే. డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ఆయిళ్ళు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలు మాత్రమే. పొడవైన వాలు దిగుతున్నప్పుడు పెడల్ మెత్తబడి, చల్లారాక మామూలైతే, అది ఆయిల్ మరగడం వల్ల పుట్టిన ఆవిరి కావచ్చు. మీ పెడల్ చల్లగా ఉన్నప్పుడే దిగుతోంది కాబట్టి అది వేరే సంగతి.

ఎయిర్ మళ్ళీ తీయించేటప్పుడు పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టించండి. పాత మాస్టర్ సిలిండర్లో పిస్టన్ ఎప్పుడూ వెళ్ళని లోతుకు వెళితే, అక్కడి తుప్పు సీళ్ళను గీరి, లేని జబ్బు నిజంగానే వస్తుంది. ఏ చక్రంతో మొదలుపెట్టాలో మీ బండి మాన్యువల్‌లో చూడండి. అన్ని బండ్లకూ ఒకే వరుస ఉండదు. అన్ని హోసులూ మూసినా పెడల్ మెత్తగానే ఉండి, కారుకు ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉంటే, ఆ యూనిట్‌లో గాలి చిక్కి ఉండవచ్చు. దాన్ని తీయడానికి లోపలి వాల్వులను స్కానర్‌తో నడిపించవలసి రావచ్చు. అదీ అయ్యాక పెడల్ ఇంకా జారితే, అప్పుడు మాస్టర్ సిలిండర్ మార్పించండి. ఇదంతా తేలేవరకు బండిని రోడ్డు మీదికి తీయకండి.