బండికి మందు పోసే ముందు కార్బురేటర్ కప్పు విప్పించండి

"పాత బండికి పెట్రోల్లో కలిపే ఇంజన్ క్లీనర్లు నిజంగా పనిచేస్తాయా, లేక డబ్బులు దండగేనా?" అని అడిగారు. పదిహేనేళ్ల బైకు, పొద్దున స్టార్టింగ్ ట్రబుల్, మైలేజీ పడిపోయింది అని కూడా రాశారు. చదువుతుంటే మా బాపు బండి సంగతే ఎవరో రాసినట్టనిపించింది. అందుకే కాస్త పెద్దగానే చెబుతున్నా.

బాపు 2003లో హన్మకొండలో కొన్న స్ప్లెండర్ అది. ఆయన పోయాక నా దగ్గరే ఉంది. అమ్మెయ్యమని ఇంట్లో ఎంతమంది చెప్పినా నాకు మనసు రాలేదు. 2024 వానాకాలం వచ్చేసరికి దానికి ఉన్న రోగాలన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. చోక్ వేసి పది కిక్కులు కొడితే గానీ లేవదు. లేచినా రెండో గేరులో మిస్సింగ్. అరవై ఇచ్చే మైలేజీ నలభై దగ్గరికొచ్చింది. యాక్సిలరేటర్ వదిలేసి మళ్లీ ఇస్తే సైలెన్సర్లోంచి నీలం రంగు పొగ.

చౌరస్తా దగ్గర ఓ స్పేర్ పార్ట్స్ దుకాణంలో ప్లగ్గు కొనడానికి పోతే, కౌంటర్లో ఉన్న పిల్లగాడు అరచేతిలో పట్టేంత సీసా ముందు పెట్టాడు. "ఫుల్ ట్యాంకు కొట్టిచ్చి ఇది పోయిన్రి అన్నా, లోపలున్న కార్బన్ మొత్తం కడిగేస్తది, బండి కొత్తదైతది" అన్నాడు. 380 రూపాయలు. కొన్నాను, పోశాను. మొదటి రెండు రోజులు బండి తేలిగ్గా పోతున్నట్టే అనిపించింది. డబ్బు పెట్టి పోసినవాడికి ఎవరికైనా అట్లనే అనిపిస్తుంది. అందుకే "నేను వాడాను, బ్రహ్మాండం" అనే మాటలను నేను లెక్కలోకి తీసుకోను. పోయకముందు రెండు ట్యాంకులు, పోశాక రెండు ట్యాంకులు కిలోమీటర్లు రాసుకుని చూపిస్తే అప్పుడు నమ్ముతాను. నేను రాసుకున్నాను. నలభై రెండు ఉన్నది నలభై మూడయింది, అంతే.

ఆగస్టు 19, రాఖీ పౌర్ణమి. అక్కది గోవిందరావుపేట. బావకు ఒంట్లో బాగాలేక తను రాలేనంటే నేనే బయలుదేరాను. సన్నగా తుంపర. గూడెప్పాడ్ దాటాక బండి గుంజడం మొదలుపెట్టింది. పెట్రోల్ అయిపోవచ్చిందనుకుని ట్యాప్‌ను రిజర్వ్‌కు తిప్పాను. రెండు కిలోమీటర్లు పోలేదు, దగ్గి దగ్గి ఆగిపోయింది. కిక్కు కొట్టి కొట్టి కాలు నొప్పిపుట్టింది గానీ బండి ఉలకదు, పలకదు. హ్యాండిల్‌కు మిఠాయి డబ్బా, అక్కకు చీర ఉన్న కవరు వేలాడుతుంటే వానలో కిలోమీటరున్నర నెట్టుకుంటూ పోయాను. అప్పుడు దొరికింది రోడ్డు పక్కన ఓ రేకుల షెడ్డు, అందులో తెల్లగడ్డం చాచా.

ఆయన కిక్కు కూడా కొట్టలేదు. "రిజర్వ్‌ల పెట్టినంకనే బంద్ అయిందా బేటా?" అని అడిగాడు. అవునన్నాను. "పెట్రోల్ల ఏమన్న మందు పోసినవా?" అదీ అవునన్నాను. తల ఊపి, ఖాళీ నీళ్ల బాటిల్ అడుగును బ్లేడుతో కోసి పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ కింద పెట్టి, దాని అడుగున పెట్రోల్ నిలిచే కప్పుకు ఉన్న స్క్రూ వదులు చేశాడు. కారినదంతా పట్టుకుని నన్ను వెలుతురులోకి పిలిచాడు.

పైన పసుపుపచ్చటి పెట్రోల్. అడుగున బఠాణీ గింజంత నీటి బొట్టు. బాటిల్ వంచితే తామరాకు మీద దొర్లినట్టు అటూ ఇటూ దొర్లుతోంది. దాని చుట్టూ మెత్తటి కారంపొడి చల్లినట్టు ఎర్రటి తుప్పు. తర్వాత కార్బురేటర్ దించి పెట్రోల్ సన్నగా పోయే పైలట్ జెట్ బయటికి తీశాడు. అది ఎంతో ఉండదు, ఇత్తడిది, దాని బెజ్జం వెంట్రుక కన్నా కొంచెం లావు. ఆకాశం వైపు పెట్టి చూడమన్నాడు. వెలుతురే కనబడలేదు. పెట్రోల్లో నానేసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి మళ్లీ చూపిస్తే సూదిమొనంత వెలుగు కనబడింది. "ఇంజన్ మంచిగనే ఉన్నది. దానికి తాగనీకి పెట్రోల్ రాలే, నీళ్లొచ్చినయ్" అన్నాడు.

ట్యాంకు మూత తీసి ఫోన్ లైటు వేస్తే లోపలి గోడంతా ఎర్రగా ఉంది. అప్పుడు విషయం అర్థమైంది. ఇట్లాంటి కార్బురేటర్ బైకు ట్యాంకులో పెట్రోల్ తీసుకునే గొట్టం రెండు ఎత్తుల్లో ఉంటుంది. మామూలుగా పైనుంచి తీసుకుంటుంది, రిజర్వ్‌కు తిప్పితే అడుగు నుంచి లాగుతుంది. నీళ్లు పెట్రోల్ కన్నా బరువు కాబట్టి అడుగునే చేరతాయి, తుప్పూ అక్కడే. ఇన్నాళ్లూ ట్యాంకు గోడకు జిగురులాగా అంటుకుని ఉన్న మడ్డిని నా సీసా మందు కరిగించి, దానితో పాటు తుప్పును కూడా కిందికి దించింది. అంటే మందు తన పని తాను చేసింది. ఆ కడిగిన మురికంతా పోయింది మాత్రం వెంట్రుకంత బెజ్జంలోకి. చాచా అన్నీ విప్పి, ట్యాంకు వంచి కడిగి, మళ్లీ బిగించి తీసుకున్నది 150 రూపాయలు. మూడు గంటలకు అక్క ఇంటికి చేరాను. అక్క అప్పటిదాకా అన్నం తినకుండా కూర్చుంది.

నీలం పొగ గురించి కూడా ఆయన్నే అడిగాను. అది ఆయిల్ కాలుతున్న పొగ. ఆయిల్ లోపలికి కారకుండా ఆపే వాల్వు సీళ్లు గట్టిపడితేనో, పిస్టన్ రింగులు అరిగితేనో వస్తుంది. అరిగిన ఇనుము ఏ సీసాతోనూ తిరిగి పెరగదు. దసరాకు ముందు సీళ్లు, రింగులు మార్పించాను, 2,800 అయింది. ఇప్పుడు పొగ లేదు, మైలేజీ యాభై ఎనిమిది. మైలేజీ పడిపోయిందని సీసా కొనేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే: ఎయిర్ ఫిల్టర్ దులిపారా, చక్రం పైకెత్తి తిప్పితే బ్రేకు పట్టకుండా తిరుగుతుందా, క్లచ్ ప్లేట్లు జారుతున్నాయా, టైర్లలో గాలుందా? ఇవేవీ పెట్రోల్ తగిలే చోట్లు కావు. పెట్రోల్ తగలని చోటికి పెట్రోల్లో కలిపిన మందు ఎట్లా పోతుంది?

అట్లాగని అన్ని సీసాలూ మోసమని నేను అనను. పాలీ ఈథర్ అమీన్ అనే పదార్థం ఉన్న క్లీనర్లు పెట్రోల్‌ను చిమ్మే ఇంజెక్టర్ల మీద, ఇంజన్‌లోకి గాలి వదిలే ఇన్‌టేక్ వాల్వుల మీద పట్టిన మడ్డిని నిజంగానే వదిలిస్తాయి. మా బామ్మర్దిది 2013 పెట్రోల్ కారు. సుబేదారి నుంచి చౌరస్తా, చౌరస్తా నుంచి సుబేదారి, అంతకు మించి తిరగదు. సిగ్నల్ దగ్గర ఆగితే వణికేది. సీసా మీద ఆ పదార్థం పేరు చూసి కొని, ఫుల్ ట్యాంకులో పోసి, జనగామ దాకా ఒకసారి, ములుగు దాకా ఒకసారి ఆపకుండా తోలమన్నాను. ఆ ట్యాంకు అయ్యేలోపు వణుకు తగ్గింది. ఇంజెక్టర్ బండి, మడ్డి రోగం, దానికి తగిన మందు, మూడూ కలిశాయి కాబట్టి ఫలించింది. అదే ఇప్పుడొస్తున్న డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్లో పడుతుంది, ఇన్‌టేక్ వాల్వును తాకనే తాకదు. వాటిలో వాల్వు మడ్డికి ట్యాంకులో పోసే మందు దండగ. ఆక్టేన్ బూస్టర్లదీ అదే కథ. ఆక్టేన్ అంటే నాకింగ్‌ను, అంటే పెట్రోల్ వేళ కాకుండా మండి ఇంజన్ టకటక కొట్టుకోవడాన్ని, తట్టుకునే గుణం, బలం కాదు. నాకింగే లేని ఇంజన్‌కు అది పోస్తే వచ్చే పికప్ ఏమీ లేదు.

నాకు ఇంతకన్నా కోపం తెప్పించేది ఇంజన్ లోపలి మడ్డి కడగడానికని ఇంజన్ ఆయిల్లో పోసే ఫ్లష్ మందు. ఓ సర్వీస్ సెంటర్లో మా స్కూలు సార్ కారుకు అడగకుండానే "ఇంజన్ ట్రీట్‌మెంట్" అని బిల్లులో రాశారు. ఏళ్ల తరబడి ఆయిల్ సరిగ్గా మార్చని పాత కారు అది. లోపల గడ్డకట్టిన మడ్డి పెళ్లలు పెళ్లలుగా ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడింది. వారం తిరగకుండానే డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు వెలిగింది. ఆయన వెంటనే ఆపాడు కాబట్టి సరిపోయింది, లేకుంటే ఇంజనే పట్టేసేది. అట్లాంటి పాత బండికి వరుసగా రెండుమూడు సార్లు తొందర తొందరగా ఆయిల్ మార్చడమే మంచి వైద్యం. ఆ మాట చెబితే వాళ్లకు బిల్లు పెరగదు కదా!

ఇంకోటి, చెరకు, ధాన్యం నుంచి తీసే ఇథనాల్ అనే ఆల్కహాల్. మన దగ్గర 2022 నాటికి పెట్రోల్లో పదో వంతు కలిసింది, 2025కల్లా 20 శాతానికి చేరింది. రైతుకు మేలంటున్నారు, కాదనను. కానీ ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. నీళ్లు ఓ హద్దు దాటితే పెట్రోల్ నుంచి విడిపోయి ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకు దిగిపోతాయి. వారాల తరబడి సగం ట్యాంకుతో నిలబడే పాత ఇనుప ట్యాంకు బండికి ఇది పెద్ద దెబ్బ. వానాకాలంలో బాపు బండి ట్యాంకును ఇప్పుడు నేను ఎప్పుడూ నిండుగా ఉంచుతున్నా, లోపల తేమగాలికి చోటు లేకుండా. బంకుల్లో కూడా అడగడం నేర్చుకోవాలి. ఫిల్టర్ పేపర్, ఐదు లీటర్ల కొలపాత్ర అడిగే హక్కు మనకుంది. నేనోసారి పేపర్ అడిగితే పంపు దగ్గరి పిల్లగాడికి అదేమిటో తెలియదు, మేనేజరు సొరుగు వెతికి తీసిచ్చాడు. చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరాలి. అది కల్తీ చెబుతుంది గానీ నీళ్ల సంగతి చెప్పదు. నీళ్ల కోసం వాళ్లే రోజూ భూగర్భ ట్యాంకులో కొలకర్రకు నీళ్లు తగిలితే రంగు మారే పేస్టు రాసి చూడాలి. పెద్ద వాన పడిన మర్నాడు "చూశారా?" అని అడగండి, తప్పేం లేదు.

మీ బండికి ఇంజెక్టరా, కార్బురేటరా అన్నది మీరు రాయలేదు. పదిహేనేళ్లదంటే కార్బురేటరే అయ్యుంటుంది. ఈ ఆదివారం సీసా కొనకుండా, బండిని రిజర్వ్‌లో ఐదు నిమిషాలు నడిపి, ఇంజన్ చల్లారాక కప్పు కింద కోసిన బాటిల్ పెట్టి స్క్రూ వదులు చేయండి, దగ్గర్లో బీడీ, సిగరెట్ లేకుండా చూసుకుని. వెలుతురులో పెట్టి అడుగున ఏముందో చూడండి. పొగ వస్తుంటే దాని రంగు కూడా గమనించండి. రెండూ కింద రాస్తే మెకానిక్‌కు ఏం చెప్పాలో నేను చెబుతా.