మునిగాయా, ముంచారా?

సందేహం: గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీలో నీళ్లు నిలిపినప్పుడు మా సిరోంచ వైపు చేన్లలోకి నీళ్లొచ్చాయి. పత్రికల్లో 'పంటలు నీట మునిగాయి' అని రాశారు. మా ఊళ్లో అందరూ 'చేన్లు ముంచినరు' అంటారు. ఏది సరైన తెలుగు? క్యూసెక్కు, టీఎంసీ ఒకటేనా?
– ఒక పాఠకుడు, గడ్చిరోలి జిల్లా

సమాధానం: రెండూ సరైన తెలుగే. చెప్పే సంగతి మాత్రం ఒకటి కాదు. 'మునుగు' అకర్మక క్రియ, 'ముంచు' దాని సకర్మక రూపం. నిండు–నింపు, తడియు–తడుపు, తెగు–తెంచు ఈ కోవలోవే. 'చేను మునిగింది' అంటే వాక్యంలో కర్త చేనే. నీరు నిలిపినవారు అందులో ఎక్కడా కనిపించరు.

కాలువల విషయంలో మన విలేకరులు ఈ తేడాను చక్కగా పాటిస్తారు. కట్ట దానంతట తెగితే 'గండి పడింది', ఎవరైనా తవ్వితే 'గండి కొట్టారు'. ముంపు వార్తకు వచ్చేసరికి ఆ జాగ్రత్త ఉండటం లేదు. వానలకు ప్రాణహిత పొంగి ఒడ్డు దాటితే 'మునిగాయి' చాలు. బ్యారేజీలో నీరు నిలిపినందువల్ల మునిగితే ఆ ఒక్క మాట చాలదు. మేడిగడ్డ నీటిమట్టం సముద్రమట్టానికి 100 మీటర్లని 2016 ఆగస్టులో తెలంగాణ, మహారాష్ట్ర కూర్చుని ఒప్పుకున్నాయి. అది మనుషులు తీసుకున్న నిర్ణయం.

అలాగని 'ముంచారు' అని తొందరపడి రాయడమూ తగదు. 'కొంప ముంచాడు' అనే వాడుక వల్ల ఆ క్రియకు నింద అంటుకుని ఉంది. మీ ఊరివాళ్లు అనొచ్చు, నష్టపోయింది వాళ్లు. విలేకరి మాత్రం 'బ్యారేజీలో నీరు నిలపడంతో సిరోంచ వైపు చేలు మునిగాయి' అని కారణం చెప్పి రాస్తే న్యాయంగా ఉంటుంది. 2023 అక్టోబరులో అక్కడి పియర్లు (బ్యారేజీ స్తంభాలు) 'కుంగాయి' అని రాసిన పత్రికలు అంతటితో ఊరుకోలేదు. లోపం రూపకల్పనలోనా, నిర్మాణంలోనా, నిర్వహణలోనా అని ఆరా తీశాయి. అవతలి ఒడ్డు రైతు చేనుకూ ఆ ఆరా దక్కాలి.

ఇక కొలతలు. క్యూసెక్కు ప్రవాహానికి, అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. టీఎంసీ పరిమాణానికి, అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. సుమారు 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. 'మూడు లక్షల టీఎంసీల వరద' అని ఎక్కడైనా కనిపిస్తే అది అచ్చుతప్పే, మేడిగడ్డ మొత్తం నిల్వ సామర్థ్యమే 16.17 టీఎంసీలు. మీ చేనుకు నీళ్లొస్తాయో రావో ఈ రెండు అంకెల్లో ఏదీ నేరుగా చెప్పదు. దానికి మీటర్లలో నీటిమట్టం కావాలి. వార్తలో అది లేకపోతే పత్రికకు ఉత్తరం రాసి అడగండి.