క్రిప్టోలో డబ్బు పెట్టొచ్చా? నా బ్యాంకు ఖాతా ఫ్రీజ్ అయిన అనుభవంతో చెప్తున్నాను

మీరు రెండు విషయాలు అడిగారు. పక్కన పెట్టుకున్న లక్ష రూపాయలు స్నేహితుడి మాట విని బిట్‌కాయిన్‌లో పెడితే భద్రంగా ఉంటాయా, అసలు మనలాంటివాళ్లకు దాంతో పనేమైనా ఉందా అని. బిట్‌కాయిన్ లాంటి, నోటూ నాణెమూ లేకుండా కంప్యూటర్ లెక్కల్లోనే ఉండే డబ్బునే క్రిప్టో అంటారు. నేను 2021 నుంచి కొద్దికొద్దిగా కొంటూ, అమ్ముతూ ఉన్నాను. ఒకసారి గట్టి దెబ్బ తిన్నాను. ఆ దెబ్బ ధర పడిపోయి తగిలింది కాదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది కరీంనగర్. మా బావమరిది దుబాయ్‌లో పని చేస్తాడు. నెలనెలా అక్కడ కరెన్సీ మార్చి పంపే ఆఫీసు నుంచి ఇంటికి డబ్బు పంపుతుంటాడు. 2023లో మా అత్తమ్మ కంటి ఆపరేషన్‌కని 1,500 దిర్హమ్‌లు పంపాల్సి వచ్చింది. యూఎస్‌డీటీ కొని పంపితే ఇంట్లోవాళ్లకు ఎక్కువ ముడుతుందని రూమ్‌లో ఉండే కుర్రాడు చెప్పాడట. యూఎస్‌డీటీ అంటే ఒక్కోటి ఒక డాలరు విలువ ఉండేలా నడిపే కాయిన్. సుమారు 400 కాయిన్లు ఐదు నిమిషాల్లో నా వాలెట్‌లోకి, అంటే ఫోన్‌లో కాయిన్లు ఉంచుకునే యాప్‌లోకి వచ్చేశాయి. సెలవు రోజు, రాత్రి పది గంటలకు, మధ్యలో ఏ బ్యాంకూ లేకుండా! నిజంగా ఆశ్చర్యపోయాను.

వాటిని రూపాయలుగా మార్చుకోవడానికి పీటూపీలో అమ్మాను. అంటే యాప్‌లో కొనేవాడు దొరుకుతాడు, అతను మన ఖాతాలో డబ్బు వేస్తాడు, పడిందని చూసుకుని మనం కాయిన్లు వదులుతాం. డాలరు 82, 83 రూపాయలు ఉన్న రోజుల్లో అతను ఒక్కో కాయిన్‌కు 90 రూపాయలు ఇచ్చాడు. మొత్తం 36,000. మామూలు దారిలో వచ్చేదానికంటే రెండు వేలకు పైగా ఎక్కువ. అంత ఎక్కువ ఎందుకిస్తున్నాడని నేను ఆలోచించలేదు. ఆలోచించాల్సింది.

మూడు వారాల తర్వాత మందుల షాపులో స్కాన్ చేస్తే పేమెంట్ ఫెయిల్ అయింది. ఏటీఎంలోనూ డబ్బు రాలేదు. మర్నాడు బ్యాంకుకు వెళ్తే ఖాతా ఫ్రీజ్ అయిందన్నారు. వేరే రాష్ట్రంలోని సైబర్ పోలీసుల దగ్గర్నుంచి నోటీసు వచ్చింది. ఎవరో పార్ట్‌టైమ్ ఉద్యోగమని నమ్మించి ఒకతని డబ్బు కాజేశారు. అది చేతులు మారి మారి, నా కాయిన్లు కొన్నవాడి దగ్గరకు, అక్కడి నుంచి నా ఖాతాకు చేరింది. ఫిర్యాదు అందాక పోలీసులు డబ్బు వెళ్లిన దారినంతా పట్టుకుంటూ వస్తారు. ఆ దారిలో ఉన్న ఖాతాలన్నీ ఆగిపోతాయి. మన తప్పుందా లేదా అనేది తర్వాతి మాట.

గొడవ 36,000 గురించే అయినా ఆగింది ఖాతా మొత్తం. అది నా జీతం పడే ఖాతా. ఇంటి లోన్ ఈఎంఐ బౌన్స్ అయింది, పాప స్కూల్ ఫీజుకు చేబదులు తెచ్చాను. బ్యాంకులో అడిగితే మా చేతుల్లో ఏమీ లేదన్నారు. స్టేషన్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేశానో లెక్కలేదు. ఆర్డర్ నంబరు, కొన్నవాడితో జరిగిన చాట్, స్టేట్‌మెంట్, ఆధార్, పాన్ అన్నీ మెయిల్ చేశాను. నాలుగు నెలలకు ఖాతా తెరుచుకుంది, ఆ 36,000 మాత్రం హోల్డ్‌లోనే ఉండిపోయాయి. మొదట్లో పోలీసుల మీద చాలా కోపం వచ్చింది. ఆ డబ్బు పోగొట్టుకున్న మనిషి కూడా నాలాగే ఎక్కడో ఒక బ్యాంకులో నిలబడి ఉంటాడని తర్వాత తట్టింది. అప్పటి నుంచి కోపం లేదు.

ఇక భద్రత సంగతి. బిట్‌కాయిన్ లెక్క ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఒకేలా రాసి ఉంటుంది కాబట్టి, దాన్ని ఎవరో ఒకరు దొంగతనంగా దిద్దడం దాదాపు అసాధ్యం. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ మనలో చాలామంది కాయిన్లను సొంతంగా దాచుకోం, వాటిని కొని అమ్మే ఎక్స్ఛేంజ్ యాప్‌లోనే ఉంచేస్తాం. దెబ్బలన్నీ అక్కడే తగులుతున్నాయి. 2014లో జపాన్‌లో మౌంట్ గాక్స్, 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజ్‌లు దివాలా తీశాయి. 2024 జూలైలో మన దేశంలోని వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లను హ్యాకర్లు ఎత్తుకెళ్లారు. అందులో దాచుకున్నవాళ్లు ఏడాదికి పైగా తమ కాయిన్లు బయటికి తీసుకోలేకపోయారు. బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా డిపాజిట్‌కు బీమా ఉంటుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు.

పోనీ సొంత వాలెట్‌లో పెట్టుకుందామంటే దానికి తాళంచెవిలాగా 12 లేదా 24 ఇంగ్లీషు మాటలు ఇస్తారు. ఆ మాటలు పోతే కాయిన్లు పోయినట్టే, వేరేవాళ్లు చూస్తే వాళ్లవైపోయినట్టే. అవతలి వాలెట్ అడ్రస్ తప్పు కొట్టి పంపినా, కాయిన్లు వెళ్లే నెట్‌వర్క్ తప్పు ఎంచుకున్నా, తిరిగి తెప్పించే ఆఫీసు లేదు. చీటీల్లో మోసం జరిగితే కనీసం ఆ మనిషి ఇంటి ముందుకు వెళ్లి కూర్చుంటాం. ఇక్కడ వెళ్లడానికి గడపే లేదు. మా అత్తమ్మ లాంటివాళ్లకు దీన్ని ఏ ధైర్యంతో ఇవ్వగలను?

ట్యాక్స్ గురించి మీ స్నేహితుడు చెప్పి ఉండకపోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం, పైన సెస్సు. అదే ఏడాది జూలై నుంచి అమ్మినప్పుడల్లా 1 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను. ఒక కాయిన్‌లో 20,000 లాభం, ఇంకోదాంట్లో 20,000 నష్టం వస్తే మీ చేతికి మిగిలింది సున్నా. అయినా లాభం మీద 6,000, సెస్సు కట్టాల్సిందే, ఎందుకంటే నష్టాన్ని తీసేసి లెక్కేయనివ్వరు. ఇది తెలియక మొదటి ఏడాది నేను చాలా టెన్షన్ పడ్డాను.

ఉపయోగమా అంటే, సొంత కరెన్సీ విలువ కరిగిపోయే అర్జెంటీనా, వెనెజులా లాంటి చోట్ల జనం జీతం రాగానే యూఎస్‌డీటీలోకి మార్చుకుంటారు, వాళ్లకది అవసరం. మనకు టీ కొట్టులో కూడా యూపీఐ ఉంది. అర్ధరాత్రి ఆసుపత్రిలో కట్టాల్సి వచ్చినా డబ్బు చేరిపోతుంది. అవసరానికి బంగారం తాకట్టు పెడితే గంటలో అప్పు పుడుతుంది, కాయిన్లు చూపిస్తే ఏ బ్యాంకూ ఇవ్వదు. ఇక మిగిలింది ధర పెరుగుతుందన్న ఆశే. 2021 నవంబరులో 69,000 డాలర్ల దాకా వెళ్లిన బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 16,000 దగ్గరికి వచ్చింది. మళ్లీ పెరిగింది, నిజమే. మీ లక్షతో ఆ ఏడాది గడపగలరా అన్నది మీరే చూసుకోవాలి.

మీ లక్ష అత్యవసరానికి దాచుకున్నదైతే ముట్టుకోకండి. తెలుసుకోవాలనే కోరిక బలంగా ఉంటే ఐదు వేలతో చూడండి. దొంగ డబ్బు లావాదేవీల మీద నిఘా పెట్టే కేంద్ర ప్రభుత్వ విభాగం ఎఫ్‌ఐయూ దగ్గర నమోదైన ఎక్స్ఛేంజ్‌లోనే కొనండి, జీతం పడే ఖాతాను దానికి కలపకండి. పీటూపీ వైపు అసలు వెళ్లొద్దు. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఎవరైనా యాప్ పంపి రోజూ లాభాలు చూపిస్తే, డబ్బు తీసుకోవాలంటే ముందు ట్యాక్స్ కట్టమంటే అది మోసమే. అప్పటికే డబ్బు వేసి ఉంటే ఆలోచిస్తూ కూర్చోకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

నా దగ్గర ఇంకా కొంచెం బిట్‌కాయిన్ ఉంది. ఆ 12 మాటలూ కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను. బ్యాంకులో అయితే నామినీ ఉంటారు, ఇక్కడ ఉండరు కదా. అందుకే మొన్న దసరా సెలవుల్లో మా ఆవిడను కూర్చోబెట్టి ఆ కాగితం ఎక్కడుందో, దాంతో ఏం చేయాలో రెండుసార్లు చేయించి చూపించాను.