దారిలో గాలి పోతే: పంపా, సిలిండరా?

అనంతగిరి రైడ్‌లో పంక్చరైతే షాపులో మీ సైకిల్‌కి గాలి ఎక్కలేదని, ఏ పంపు కొనాలని అడిగారు. మీ 28 మి.మీ. టైరుకి ఉన్నది సన్నటి ప్రెస్టా వాల్వు. షాపుల్లో, బంకుల్లో ఉండేది బైకు, కారు వాల్వులకి సరిపోయే గొట్టం. ముందు ఒక ఇత్తడి అడాప్టర్ కొనండి. వేలి కొనంత ఉంటుంది, ధరా తక్కువే. వాల్వు చివరి చిన్న నట్టు వదులు చేసి, పైన ఇది బిగిస్తే బంకులోనూ గాలి ఎక్కుతుంది.

పంపైతే గొట్టం ఉన్న మినీ పంపే తీసుకోండి. నేరుగా తగిలించే రకంతో కొడుతుంటే వాల్వు ఊగిపోయి, దాని మొదలు దగ్గర ట్యూబు చిరిగే ప్రమాదం ఉంది. టైరులో 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) రావాలంటే 200 సార్లు పైనే కొట్టాల్సి రావచ్చు, చేతులు లాగేస్తాయి. అయినా ఎన్ని పంక్చర్లయినా ఆదుకుంటుంది. 16 గ్రాముల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) చిన్న సిలిండర్ క్షణాల్లో నింపేస్తుంది గానీ, ఒక్కసారికే. గ్యాస్ వదిలేటప్పుడు మంచులా చల్లబడుతుంది, వట్టి చేత్తో పట్టుకోకండి. ఆ గ్యాస్ ట్యూబులోంచి త్వరగా పోతుంది కాబట్టి ఇంటికెళ్లాక మామూలు గాలి కొట్టండి.

బ్యాటరీ పంపులు కూడా బాగుంటాయి, చార్జింగ్ ఉన్నంతవరకే. ఏదైనా సరే, కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల వేలితో మెల్లగా తడమండి. ముల్లు అక్కడే ఉంటే ఈ ట్యూబూ పోతుంది.