అమ్మణ్ణికి పెదనాయన రాసేది

తిరుపతి

అమ్మణ్ణీ,

నువ్వు బ్లాగు మొదలుపెడుతున్నావనీ, ఆర్నెల్లు చూసి ఉద్యోగం మానేస్తానన్నావనీ మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. మొదటి మాటకు పొంగిపోయినాను, రెండో మాటకు రాత్రంతా నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత రాతకోతల పిచ్చి పట్టింది నీకే.

ముందు ఉద్యోగం సంగతి. మానొద్దు. 2018లో గూగుల్ తెలుగు పేజీలకు కూడా యాడ్‌సెన్స్ (పేజీలో ప్రకటనలు వేసి మనకు డబ్బులిచ్చేది) ఇచ్చింది, నిజమే. కానీ ఖాతాలో వంద డాలర్లు చేరేదాకా ఒక్క రూపాయి కూడా పంపదు. అవి ఎప్పటికి చేరతాయో ఆ దేవుడికే తెలియాలి. మన దామలచెరువు మధురాంతకం రాజారాం గారు బడిపంతులు పని చేసుకుంటూనే కథలు రాసినారు, 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నారు. జీతం రాతకు అడ్డమని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. ఇంటద్దె టెన్షన్ నెత్తిన పెట్టుకుని రాస్తే అది రాతలో తెలిసిపోతుంది.

బ్లాగు పెట్టుకోడానికి బ్లాగరైనా వర్డ్‌ప్రెస్సైనా ఒకటే, తేల్చుకోలేక నెల పోగొట్టుకోవద్దు. ఏ ఫోన్లో అయినా కనబడే యూనికోడ్ అక్షరాల్లో టైపు చెయ్. అచ్చాఫీసుల్లో వాడే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినా, రాసింది ఫొటో తీసి పెట్టినా గూగుల్లో వెతికేవాళ్ళకు దొరకదు. పేరాలు పొట్టిగా ఉండనీ, చదివేది ఫోన్లోనే. వారంలో ఒక రోజు అనుకో, ఆ రోజు తప్పొద్దు.

ఇంక ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెబుతాను. నాతోపాటు బ్లాగు మొదలుపెట్టినవాడు ఒకడున్నాడు, పేరెందుకులే. అప్పట్లో కూడలి అని ఒక సైటు ఉండేది. తెలుగులో ఎవరు బ్లాగులో కొత్త టపా, అంటే కొత్త రాత, పెట్టినా అక్కడ కనబడేది. చదివే జనం తక్కువే గానీ చదివినవాళ్ళు ఒక వ్యాఖ్య రాసిపోయేవాళ్ళు. మావాడు మన తిరుపతి గంగమ్మ జాతర మీద రాసిన టపా నాకింకా కళ్ళ ముందే ఉంది. జాతర కోసం వాళ్ళన్న బైరాగి వేషం కట్టినాడు. ఒంటికి పూసిన సుద్ద ఆరేకొద్దీ చర్మం బిగుసుకుపోతుంది. పక్కింటి పిల్లలు నవ్వించాలని చూస్తుంటే, నవ్వితే బుగ్గల మీద సుద్ద పెచ్చులూడుతుందని ఆయన మూతి బిగించుకుని కూర్చున్నాడంట. అమెరికాలో ఉన్న తిరుపతి పిల్లలు అది చదివి, తాతయ్యగుంట వీధులన్నీ గుర్తుచేసుకుంటూ రాసినారు.

ఒక వేసవి సెలవుల్లో ఎవరో అడిగినారని, 300 రూపాయల దర్శనం టికెట్టు ఎట్లా బుక్ చేసుకోవాలో మావాడు ఒక టపా పెట్టినాడు. చూసినవాళ్ళ లెక్క రాత్రికి రాత్రే జాతర టపాను దాటిపోయింది. తిరుపతి కదా, ఆ సంగతి వెతికేవాళ్ళకు ఏం కొదవ! ఇంక వాణ్ణి పట్టే పగ్గాల్లేవు. గదులు, లాకర్లు, బస్సులు, అలిపిరి దారిలో మెట్లు 3550, శ్రీవారి మెట్టులో 2388, రోజూ ఇదే వరస.

దర్శనానికి వచ్చేవాడికి టికెట్టు కావాలి, రాసినవాడి పేరుతో పనేముంది? పని కాగానే వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు. జాతర టపా చదివినవాళ్ళు మాత్రం వీడి కోసమే వచ్చేవాళ్ళు. వాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. లెక్క పెరుగుతూనే ఉంది గనక వీడికి ఆ సంగతే తెలియలేదు. తర్వాత బుకింగు పద్ధతులు మారినాయి. వీడి పాత పేజీని నమ్ముకుని వచ్చిన కుటుంబం ఒకటి అవస్థపడి, కామెంట్లలో దుమ్మెత్తిపోసింది. పాత పేజీలు దిద్దుకోవడమే పనైపోయి, విసుగొచ్చి అన్నీ మూలన పడేసినాడు. మళ్ళీ జాతర లాంటిది ఒకటి రాయరా అంటే ‘చదివేవాళ్ళేరీ అన్నా’ అన్నాడు. నాకైతే ఇప్పటికీ కోపమే. అంత చక్కగా రాసేవాడు!

నువ్వు రాయాలనుకున్న వాటి పట్టీ మీ నాయన పంపినాడు. సగానికి పైగా ‘తిరుపతిలో చూడాల్సినవి’, ‘తక్కువ ఖర్చుతో గదులు’. చూసి ఒళ్ళు మండింది. దానికేనా నువ్వు? మీ అవ్వ మెట్లపూజ మొక్కు తీర్చేటప్పుడు పసుపు డబ్బా నీ చేతిలో ఉండేది. ఆమె ఒక మెట్టుకు కుంకుమ పెట్టేలోపల నువ్వు నాలుగు మెట్లు పైకి పోయి పసుపు పూసేసి తిట్లు తినేదానివి. మోకాళ్ళ పర్వతం నిట్టనిలువు మెట్ల దగ్గర మాత్రం వెనక్కొచ్చి, ఏమీ మాట్లాడకుండా ఆమె చెయ్యి పట్టుకున్నావు. అది రాయి తల్లీ. దర్శనం వేళలు చెప్పేవాళ్ళు వెయ్యిమంది ఉన్నారు.

లింకును కనబడిన ప్రతి వాట్సాప్ గ్రూపులో పడేయొద్దు, గుడ్ మార్నింగ్ ఫొటోల కింద మునిగిపోతుంది. ఎవరికి నచ్చుతుందనిపిస్తే వాళ్ళకే, ఎందుకు పంపుతున్నావో రెండు ముక్కలు రాసి పంపు. వ్యాఖ్య రాసినవాళ్ళకు ఆ రోజే జవాబివ్వు. వేరేవాళ్ళు రాసింది పూర్తిగా చదివి, నువ్వూ రాయి. ‘సూపర్’ అని వదిలేస్తే ఎవరూ నీ గడప తొక్కరు. కొన్ని నెలలు ఉలుకూ పలుకూ ఉండదు, ఆ నెలల్లో రోజూ లెక్క చూసుకుంటూ కూర్చోవద్దు. ఊరూ పేరూ లేనివాడు ఎవడో బూతులు రాస్తే, జాతరలో తిట్టడమే ఆనవాయితీ అయిన బండ వేషగాడు తిట్టినాడనుకుని ముందుకు పో. మీ మేనత్త ఇంటి గొడవలు మాత్రం రాయొద్దు. రాయాలనిపిస్తే ఆమెను అడుగు, ఆమె ఒప్పుకోదని నాకు తెలుసు.

రాసిన ప్రతిదీ నీ దగ్గర ఒక కాపీ పెట్టుకో. ఫేస్‌బుక్ లాంటి గూగుల్ ప్లస్‌ను 2019 ఏప్రిల్లో మూసేసినారు. అక్కడ రాసుకుని, దించుకోనివాళ్ళకు ఒక్క ముక్క మిగల్లేదు. బ్లాగర్ సెట్టింగుల్లో బ్యాకప్ అని ఉంటుంది, నెలకోసారి నొక్కు.

మొదటి టపా పెట్టేముందు నాకు పంపు. అచ్చుతప్పులు దిద్దుతాను, ఇంకేదీ ముట్టుకోను. ఉద్యోగం మానట్లేదని మీ నాయనకు ఈ రోజే చెప్పు, గంటకోసారి నాకు ఫోన్ చేసి ప్రాణం తీస్తున్నాడు.

ఆశీస్సులతో,
పెదనాయన