అప్‌డేట్లు వేసే ఉద్యోగం ఉద్యోగమే కాదా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా హాలియా దగ్గర పల్లె. ఎడమ కాల్వ కింద నాలుగెకరాల వరి. మా పెద్దోడు బీటెక్ సీఎస్ఈ చేసి ఏడాదిన్నరగా హైదరాబాద్‌లో ఒక హోస్టింగ్ కంపెనీలో చేస్తున్నాడు. ఏం పని బిడ్డా అంటే ‘డీఎన్ఎస్ సర్వర్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు వేస్తా నాయినా’ అంటాడు. వారంలో రెండు మూడు రాత్రులు డ్యూటీ. ఫోన్‌లో అప్‌డేట్ నొక్కినట్టే కదా, దానికి బీటెక్ ఎందుకు? సంబంధాలు చూస్తున్నాం, పిల్లగాడు ఏం చేస్తాడని అడిగితే చెప్పుకోవడానికి రావట్లేదు. మా బావమరిది అమీర్‌పేటలో ఎథికల్ హ్యాకింగ్, ఏఐ కలిపి ఆరు నెలల కోర్సు ఉందన్నాడు. ఫీజు లక్షా ఎనభై వేలు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కడదామనుకుంటున్నా. ఉద్యోగం మాన్పించి కోర్సులో చేర్చాలా, ఉన్నచోటే ఉంచాలా? రెండూ పోల్చి చెప్పండి. చిన్నోడు ఇంటర్ ఎంపీసీ. వాడికి ఇంజనీరింగ్‌లో సైబర్ సెక్యూరిటీ బ్రాంచ్ ఇప్పిస్తే మేలా?

జవాబు: ముందుగా ఒక మాట. ఉద్యోగం మాన్పించకండి, అప్పు తేకండి. పోలిక అడిగారు, చెప్తాను. కానీ మీ ఉత్తరం చదివితే నాకు కనిపించిన దిగులు కోర్సు గురించి కాదు. కొడుకు చేసే పని మీకు అర్థం కావట్లేదు, అర్థం కానిదాన్ని నలుగురి ముందు గొప్పగా చెప్పుకోలేకపోతున్నారు. దేవరకొండ నుంచీ, నాగర్‌కర్నూల్ నుంచీ, నారాయణపేట నుంచీ ఇదే దిగులుతో తల్లిదండ్రులు రాస్తూనే ఉంటారు. ఒకరి బిడ్డ టెస్టింగ్‌లో ఉంటుంది, ఒకరి కొడుకు సపోర్ట్‌లో ఉంటాడు. ‘సాఫ్ట్‌వేర్’ అని ఒక్క మాటలో చెప్పుకునే వీలు లేకపోతే అది తక్కువ పని అనుకుంటారు.

మీ అబ్బాయి చేస్తున్నదేమిటో ముందు చూద్దాం. మీరు ఫోన్‌లో బ్యాంకు సైటు పేరు కొడితే, ఆ పేరుతో ఇంటర్నెట్‌కు పని జరగదు. ఆ పేరుకు ఉన్న నంబర్ ఏమిటో ఎవరో చెప్పాలి. అలా చెప్పేదే డీఎన్ఎస్ సర్వర్. అది పలకకపోతే, బ్యాంకు కంప్యూటర్లు భేషుగ్గా నడుస్తున్నా మీకు సైటు తెరుచుకోదు. అది తప్పు నంబర్ చెప్తే ఇంకా ప్రమాదం. మీరు కొట్టింది బ్యాంకు పేరే, వెళ్ళి పడేది మాత్రం దొంగ పెట్టిన సైటులో.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2008లో డాన్ కామిన్‌స్కీ అనే పరిశోధకుడు, డీఎన్ఎస్ సర్వర్ల జ్ఞాపకంలో దొంగ జవాబును ఎక్కించవచ్చని కనిపెట్టాడు. ఏదో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో కాదు, దాదాపు అన్నిట్లోనూ ఆ లోపం ఉంది. ఒక్కో ప్రశ్నకు ఉండే గుర్తింపు సంఖ్యకు 65,536 విలువలే ఉంటాయి, గట్టిగా ప్రయత్నిస్తే ఊహించేయవచ్చు. కంపెనీలన్నీ కొన్ని నెలలు గుట్టుగా కలిసి పనిచేసి, ఆ ఏడాది జూలై 8న ఒకేసారి అప్‌డేట్లు విడుదల చేశాయి. పేరు కామిన్‌స్కీకి వచ్చింది, రావలసిందే. కానీ ఆ తర్వాత ప్రపంచమంతటా సర్వర్ల ముందు కూర్చుని ఒక్కొక్కటిగా ఆ అప్‌డేట్లు వేసినవాళ్ళు మీ అబ్బాయిలాంటివాళ్ళే. వాళ్ళు వేయకపోతే ఆయన కనిపెట్టినది దొంగలకే పనికొచ్చేది.

2020 జూలైలో మైక్రోసాఫ్ట్ విండోస్ డీఎన్ఎస్ సర్వర్‌లో 17 ఏళ్ళుగా దాగి ఉన్న లోపం బయటపడింది. తీవ్రత పదికి పది. అమెరికా ప్రభుత్వం తన కార్యాలయాలన్నిటికీ 24 గంటల గడువు పెట్టింది. 2024 ఫిబ్రవరిలో కీట్రాప్ అనేది బయటపెట్టారు. ఇది మరీ విచిత్రం. జవాబు నిజమైనదేనని సంతకంతో రుజువు చేయడానికి పెట్టుకున్న డీఎన్ఎస్‌సెక్ పద్ధతిలోనే ఉన్న లోపం అది. నెట్ మీద వెళ్ళే ఒకే ఒక్క సమాచారపు ముక్క (ప్యాకెట్) పంపి సర్వర్‌ను లెక్కల్లో ముంచేయవచ్చు. బైండ్ అనే సాఫ్ట్‌వేర్ అయితే అలా 16 గంటల దాకా ఇరుక్కుపోగలదని పరిశోధకులు తేల్చారు. బైండ్ అంటే 1980లలో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థులు మొదలుపెట్టినది, ఇప్పటికీ ఎన్నో చోట్ల నడుస్తున్నది. మీ అబ్బాయి కంపెనీ హోస్టింగ్‌ది, అంటే ఇతరుల సైట్లను తన సర్వర్లలో ఉంచి నడిపేది, కాబట్టి అక్కడా అదే ఉండే అవకాశం ఎక్కువ.

ఇక ‘ఫోన్‌లో నొక్కినట్టే కదా’ అన్న మాట. కాదు. లోపం గురించి ప్రకటన రాగానే చేయాల్సింది చదవడం. ఏయే వెర్షన్లకు వర్తిస్తుంది? బయటివాళ్ళ ప్రశ్నలకు జవాబు వెతికే సర్వర్‌కా, మన సొంత పేర్ల వివరాలు చెప్పే సర్వర్‌కా? ఆ లోపం ఉన్న సదుపాయాన్ని మనం అసలు వాడుతున్నామా? సర్వర్లను నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెడ్‌హ్యాట్ లాంటి రకాలున్నాయి, వాటిలో ఇంకో చిక్కు ఉంది. పైకి బైండ్ వెర్షన్ పాతదే కనిపిస్తుంది, మరమ్మతు మాత్రం ఆ పాతదానిలోనే తెచ్చి కలిపి ఉంటారు. లోపాలు వెతికే స్కానర్ ప్రోగ్రామ్ దాన్ని ఎర్రగా, అంటే ప్రమాదంగా చూపిస్తుంది, మేనేజర్ టెన్షన్ పడతాడు. అప్పుడు ఆ సాఫ్ట్‌వేర్‌లో చేసిన మార్పుల చిట్టా (చేంజ్‌లాగ్) తెరిచి, ఇదిగో ఈ లోపాన్ని ఇందులో సరిచేశారు అని వేలు పెట్టి చూపించగలిగినవాడు కావాలి. ఆ తర్వాత టెస్ట్ సర్వర్ మీద వేసి చూడాలి. సెట్టింగుల ఫైల్‌లో కొత్త వెర్షన్ ఒప్పుకోనిది ఏదైనా ఉందేమో సరిచూసుకోవాలి. రెండు సర్వర్లుంటే ఒకదాన్ని పక్కకు తీసి, అప్‌డేట్ వేసి, మళ్ళీ లేపి, డీఎన్ఎస్ సర్వర్‌ను ప్రశ్న అడిగి చూసే డిగ్ కమాండ్‌తో నాలుగు పేర్లు అడిగి చూసి, సర్వర్ రాసిపెట్టే లాగ్ (చిట్టా) చదివి, అంతా బాగుందనుకున్నాకే రెండోదాని జోలికి వెళ్ళాలి. తేడా కొడితే పాతదానికి తిరిగి వెళ్ళే దారి ముందే చూసి పెట్టుకోవాలి. జనం వాడకం తక్కువగా ఉండే వేళ కాబట్టే ఇదంతా రాత్రిపూట.

మీది ఎడమ కాల్వ ఆయకట్టు కాబట్టి ఒక్క పోలిక చెప్తాను. రాత్రి తూము దగ్గర కాపలా ఉండే లష్కర్ ఎవరికీ కనిపించడు. గండి పడ్డాక పరుగెత్తేవాళ్ళే అందరికీ కనిపిస్తారు. లష్కర్ పని ఎందుకని మీరు ఏనాడూ అడిగి ఉండరు.

ఇప్పుడు ఆ కోర్సు. ఎథికల్ హ్యాకింగ్, అంటే యజమాని అనుమతితో సిస్టమ్‌లోకి చొరబడి లోపాలు కనిపెట్టే పని ఉంది, దానికి విలువా ఉంది, దాన్ని నేను కాదనను. నా అనుమానమంతా ఆరు నెలల్లో దాన్ని నేర్పేస్తామనే బోర్డుల మీదే. ఎక్కువ చోట్ల జరిగేది ఇది: ముందే లోపాలు పెట్టి తయారుచేసిన ఒక ప్రాక్టీస్ మెషీన్ ఇస్తారు, దాని మీద కొన్ని టూల్స్ నడిపిస్తారు, రిపోర్ట్ వస్తుంది, సర్టిఫికెట్ ఇస్తారు. పిల్లవాడికి ఆ టూల్ ఏం చేసిందో తెలియదు. ఇంటర్వ్యూలో అడిగేది టూల్ పేరు కాదు. ఒక పేరు కొడితే జవాబు ఎక్కడెక్కడ తిరిగి వస్తుంది, మధ్యలో ఎక్కడ మోసం జరగవచ్చు అని అడుగుతారు. దానికి జవాబు సర్వర్లు నడిపినవాడి దగ్గర ఉంటుంది. ఓఎస్‌సీపీ అని ఈ రంగంలో పేరున్న ఒక పరీక్ష ఉంది. దాదాపు 24 గంటల పాటు కూర్చుని, నిజంగా సిస్టమ్‌లలోకి చొరబడి చూపించాలి. నెట్‌వర్క్, లినక్స్ పునాది లేకుండా దానికి వెళ్ళి దెబ్బతిన్న పిల్లలను చూశాను. ఫ్రెషర్లను నేరుగా ఈ పనిలోకి తీసుకునే కంపెనీలు చాలా తక్కువ. చాలామంది మీ అబ్బాయి ఇప్పుడున్న దారి నుంచే అటు వెళ్తారు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. కోర్సు హుషారులో పిల్లలు కాలేజీ సైటు మీదో, ఎవరిదో సైటు మీదో చేయి చేసుకుంటారు. అనుమతి లేకుండా ఒకరి సిస్టమ్‌లోకి చొరబడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా పడవచ్చు. ‘నేర్చుకుంటున్నా సార్’ అన్నంత మాత్రాన బయటపడతామన్న నమ్మకం లేదు.

అన్నా, కొంచెం గట్టిగా మాట్లాడుతున్నా, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో మీరేమనుకుంటున్నారో ఉంది. మీ బావమరిది ఏమన్నాడో ఉంది. సంబంధాలవాళ్ళు ఏమన్నారో కూడా ఉంది. ఈ కోర్సు గురించి మీ అబ్బాయి ఏమన్నాడో మాత్రం లేదు. లక్షా ఎనభై వేలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,600, ఏడాదికి 43,200. అదీ నెలనెలా వచ్చే జీతం ఆపుకుని. ఒక పంట దెబ్బతింటే ఆ అప్పు ఎవరి నెత్తిన పడుతుంది? పెళ్ళికి ముందే ఆ పిల్లగాడి నెత్తిన. బంధువుల ముందు మీరు పడే ఇబ్బందికి అతని జీతంతో, అతని వయసుతో ఖర్చు కట్టించకండి. సంబంధాలవాళ్ళు అడిగితే ‘ఇంటర్నెట్ సర్వర్ల భద్రత చూస్తాడు’ అని చెప్పండి. అది అబద్ధం కాదు.

అలాగని ఉన్న ఉద్యోగం బంగారమని నేను అనను. మొదట్లో జీతం కోడింగ్ చేసేవాళ్ళ కంటే తక్కువే ఉంటుంది. అన్నీ సరిగా నడిచినన్నాళ్ళూ ఎవరూ మెచ్చుకోరు. చాలా కంపెనీలు డీఎన్ఎస్‌ను క్లౌడ్ వాళ్ళకు అప్పజెప్పేస్తున్నాయి కాబట్టి, బటన్ నొక్కడం మాత్రమే తెలిసినవాడికి చోటు తగ్గుతుంది. అందుకని మీ అబ్బాయిని ఒకటే అడగండి. ఎవరో రాసిచ్చిన కాగితం చూసి అప్‌డేట్ వేస్తున్నాడా, లేక ఎందుకు వేస్తున్నాడో చదివి వేస్తున్నాడా? రెండోదైతే నిశ్చింతగా ఉండండి. మొదటిదైతే మారాల్సింది ఉద్యోగం కాదు, పని చేసే తీరు. ఇంకో ఏడాది తర్వాత కూడా కాగితం చూసే వేస్తుంటే, అప్పుడు కంపెనీ మారమనండి.

నేర్చుకోవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్‌లో రెండు మూడు వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపలే నడిచే కంప్యూటర్లు) పెట్టుకుని, సొంతంగా బైండ్ నడిపి, డీఎన్ఎస్‌సెక్ సంతకాలు పెట్టి, కావాలని చెడగొట్టి మళ్ళీ బాగుచేయాలి. బైండ్ మాన్యువల్ ఉచితమే, దాన్ని తయారుచేసే ఐఎస్‌సీ సంస్థే ఇస్తుంది. చేత్తో వేసే అప్‌డేట్లను యాన్సిబుల్ అనే టూల్‌తో వరసగా వేయించడం, కాస్త పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలి. ఏఐ వస్తే ఈ పని పోతుందేమోనన్న భయం మీ ఉత్తరం వెనక ఉన్నట్టుంది. మామూలు అప్‌డేట్లు యంత్రమే వేస్తుంది, నిజమే. అది వేసింది సరైందో కాదో తేల్చేవాడు, తేడా కొట్టిన రాత్రి బాధ్యత తీసుకునేవాడు మాత్రం కావాలి. పైగా 2022 నుంచి మన దేశంలో సైబర్ ఘటనలను ఆరు గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలన్న నిబంధన ఉంది. ఏం జరిగిందో లాగ్ చూసి చెప్పగలిగే మనిషి ప్రతి కంపెనీకీ అవసరం.

సర్టిఫికెట్ కావాలనుకుంటే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అనే రెడ్‌హ్యాట్ పరీక్ష రాయమనండి. అది సిస్టమ్ ముందు పని చేసి చూపించే పరీక్ష, ఉద్యోగం చేస్తూనే సిద్ధం కావచ్చు. మానేసి చదవాలన్న కోరిక అతనికే బలంగా ఉంటే, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ వాళ్ళ పీజీ డిప్లొమాల్లో సిస్టమ్స్, సెక్యూరిటీ కలిపి చెప్పేది ఒకటుంది. ప్రవేశ పరీక్ష రాసి వెళ్ళాలి, కాబట్టి సీటు రావడమే కొంత వడపోత.

చిన్నబ్బాయి సంగతికి వస్తే, బ్రాంచ్ పేరులో సైబర్ సెక్యూరిటీ ఉందా లేదా అని చూడకండి. మంచి కాలేజీలో మామూలు సీఎస్ఈ గానీ, ఈసీఈ గానీ వస్తే అదే తీసుకోండి. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి కాలేజీకి వెళ్ళి ల్యాబ్ చూడండి. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ ఎవరు చెప్తున్నారో, వాళ్ళు ఎన్నేళ్ళుగా అక్కడున్నారో సీనియర్లను అడగండి. వెళ్ళేటప్పుడు పెద్దోడిని తోడు తీసుకెళ్ళండి, ల్యాబ్‌లో ఏం అడగాలో అతనికి తెలుసు.