ర్యామ్ పెంచినా ఎన్8ఎన్ క్రాష్ అవుతుంటే ముందు ఎగ్జిట్ కోడ్ చూడండి

సర్వర్ ర్యామ్ రెండింతలు చేశాక కూడా, డేటాబేస్ నుంచి వేల రికార్డులు తెచ్చే ఎన్8ఎన్ (పనులను దశలవారీగా ఆటోమేట్ చేసే టూల్) వర్క్‌ఫ్లో మధ్యలో పడిపోతోందని, కనెక్షన్ పోయిందనే మెసేజ్ తప్ప ఇంకేమీ కనిపించడం లేదని మీరు అడిగారు. మా టీమ్‌లో అచ్చం ఇలాంటిదే వచ్చింది కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ముందు కంటైనర్ (డాకర్‌లో ఎన్8ఎన్ నడిచే విడి పెట్టె లాంటిది) ఏ ఎగ్జిట్ కోడ్‌తో, అంటే ఆగిన కారణాన్ని సూచించే ఏ నంబర్‌తో, ఆగిందో చూడండి. 137 అయితే ప్రాసెస్‌ను బయటి నుంచి చంపేశారని, డాకర్ ఇన్‌స్పెక్ట్ కమాండ్ చూపే వివరాల్లో ఓఓఎం కిల్డ్ (మెమరీ చాలక చంపేయడం) ట్రూ అని ఉంటే ఆ కారణం మెమరీయేనని అర్థం. అలా కాకుండా 134 వచ్చి, లాగ్‌లో జావాస్క్రిప్ట్ హీప్ అవుట్ ఆఫ్ మెమరీ అని కనిపిస్తే నోడ్ జేఎస్ (ఎన్8ఎన్‌ను నడిపే జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్) తన హీప్ (డేటా పెట్టుకునే మెమరీ) హద్దుకు చేరి తనే ఆగిపోయింది. సర్వర్‌లో ర్యామ్ ఖాళీగా ఉన్నా ఇది జరుగుతుంది, మీ విషయంలో నా అనుమానం దీని మీదే. దీనికి నోడ్ ఆప్షన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో మ్యాక్స్ ఓల్డ్ స్పేస్ సైజ్ పెంచాలి, విలువ మెగాబైట్లలో ఇవ్వాలి. అయితే 4 జీబీ కంటైనర్‌కు ఏకంగా 4096 ఇచ్చేయకండి, హీప్ బయట బఫర్లకు (తాత్కాలిక డేటాకు) కూడా చోటు కావాలి, 3072 దగ్గర ఆపితే మంచిది. లేకపోతే 134 పోయి 137 మొదలవుతుంది.

ఇది తాత్కాలిక ఉపశమనమే. మా దగ్గర హద్దు పెంచాక కొన్నాళ్లు బాగానే నడిచింది, డేటా పెరగ్గానే కథ మళ్లీ మొదటికొచ్చింది. ఎందుకంటే వర్క్‌ఫ్లోలో ప్రతి నోడ్ (అంటే ఒక్కో దశ) ఇచ్చిన అవుట్‌పుట్ ఆ ఎగ్జిక్యూషన్ (వర్క్‌ఫ్లో ఒకసారి నడవడం) ముగిసేదాకా మెమరీలోనే ఉంటుంది. రికార్డులను విడతలుగా పంపే లూప్ ఓవర్ ఐటమ్స్ నోడ్ పెడితే సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు, నిజానికి అదొక్కటే చాలదు, ప్రతి చుట్టు డేటా అదే ఎగ్జిక్యూషన్‌లో పోగవుతూనే ఉంటుంది. లూప్ లోపలి పనంతా సబ్ వర్క్‌ఫ్లోగా (అసలు వర్క్‌ఫ్లో, అంటే పేరెంట్, పిలిచే వేరే వర్క్‌ఫ్లోగా) విడదీసి, 200 రికార్డుల చొప్పున దానికి పంపండి. అది ముగిసినప్పుడల్లా దాని మెమరీ ఖాళీ అవుతుంది. ఇక్కడ అసలు కీలకం దాని చివరి నోడ్: పని అయిందని చెప్పే ఒక్క చిన్న ఐటమ్ మాత్రమే వెనక్కి రావాలి. రికార్డులన్నీ తిరిగి పంపిస్తే పేరెంట్ వర్క్‌ఫ్లో మళ్లీ నిండిపోతుంది, చేసిందంతా వృథా. వీలైతే పేరెంట్‌లో ఐడీలు మాత్రమే తెచ్చుకుని, పూర్తి రికార్డులను సబ్ వర్క్‌ఫ్లోలోనే చదవండి. మా క్రాష్‌లు ఆగింది ఈ మార్పుతోనే.

పీడీఎఫ్‌లు, ఫొటోలు కూడా ఉంటే బైనరీ డేటా మోడ్‌ను (ఫైళ్లను ఎక్కడ ఉంచాలో చెప్పే సెట్టింగ్‌ను) ఫైల్‌సిస్టమ్‌కు మార్చండి, 1.ఎక్స్ వెర్షన్లలో డీఫాల్ట్‌గా అవి మెమరీలోనే ఉంటాయి. ఇంకో మాట, ఎడిటర్‌లో బటన్ నొక్కి నడిపితే డేటా స్క్రీన్‌కు కూడా కాపీ అవుతుంది కాబట్టి మెమరీ ఇంకా ఎక్కువ పడుతుంది. పూర్తి డేటాతో అక్కడ టెస్ట్ చేసి టెన్షన్ పడకండి, కొన్ని రికార్డులతో చూసుకుని మిగతాది ట్రిగ్గర్‌కు (వర్క్‌ఫ్లోను దానంతటదే మొదలుపెట్టే నోడ్‌కు) వదిలేయండి.

ఇవన్నీ చేశాక కూడా పడిపోతే, ఎగ్జిట్ కోడ్, చివరిగా నడిచిన నోడ్ పేరు, అదే సమయంలో ఇంకేమైనా వర్క్‌ఫ్లోలు నడుస్తున్నాయా అన్నది ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.